రెండు స్టేషన్ల మధ్య బ్యాంకాక్

ఆ ఆదివారం అనసూయ పెట్టుకున్న పనులు మూడే. పొద్దున్నే ఉప్మా చేయడం, తిన్న గిన్నెలు తోమేయడం, ఆ తర్వాత బ్యాంకాక్ దాటి రావడం.

మూడో పని కోసం, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్ వాడలోని వాళ్ల ఇంటి గుమ్మంలో రెండు పెద్ద సూట్‌కేసులు సిద్ధంగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన ఆమె భర్త రాధాకృష్ణ కూడా అంతే సిద్ధంగా నిలబడి ఉన్నాడు. థర్మల్ ప్లాంటులో సేఫ్టీ సెక్షన్ ఆయనది. డ్యూటీలో వేసుకునే నారింజరంగు జాకెట్ తొడుక్కుని, మెడలో విజిల్ వేలాడేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా గంభీరంగా ఉన్నాడు.

"మల్ల ఒక్కసారి చెప్త, విను. చంద్రపూర్ స్టేషన్ అంటే మనం దిగే ఎయిర్‌పోర్టు. చాందా ఫోర్ట్ స్టేషన్ అంటే మనం మల్ల ఎక్కే ఎయిర్‌పోర్టు. నడుమ ఉన్నదంత బ్యాంకాక్. సమజైందా?"

"అయింది. నడుమల జట్‌పురా గేటు వస్తది గదా. గా బ్యాంకాక్‌ల ఇంత కొత్తిమీర కొనుక్కోవచ్చా?"

"మజాక్ చేయకు అనసూయా. ఇది మాక్ డ్రిల్."

రాధాకృష్ణకు దేవుడి మీద ఎంత నమ్మకముందో మాక్ డ్రిల్ మీద అంతకంటే పిసరంత ఎక్కువే ఉంది. నిప్పు అంటుకోకముందే అంటుకున్నట్టు సైరన్ మోగించి, అందరినీ పరుగెత్తించి, ఎవరెక్కడ తడబడ్డారో చూసుకోవడం ప్లాంటులో ఆయన ఉద్యోగం. పోయినేడు ఎవరికీ చెప్పకుండా ఒక ఫిట్టర్‌కు టమాటా సాస్ పూసి మెట్ల కింద పడుకోబెడితే, అది నిజమనుకుని క్యాంటీన్ ఆమె సొమ్మసిల్లి పడిపోయింది. ఆ సంగతి ఇంట్లో ఆయన చెప్పని వారం లేదు. "డ్రిల్ అంటే గట్లుండాలె. ముందుగాల చెప్పి చేస్తే అది నాటకమైతది" అని మీసం దువ్వుకునేవాడు.

అసలు ఈ గొడవంతా ఒక ఏటి వల్ల వచ్చింది. రాధాకృష్ణ మేనకోడలు అమృత నాగ్‌పూర్‌లో ఉంటుంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆ పిల్ల ఫోన్‌లో వియత్నాంలో ఏటి ఒడ్డున ఉన్న ఒక పాత ఊరిని చూపించింది. పొద్దుగూకగానే అక్కడి జనం చిన్న పడవల్లో కూర్చుని, కాగితపు దీపాలను ఒక్కొక్కటిగా నీళ్ల మీద వదులుతున్నారు. దీపాలు తొందరేమీ లేనట్టు కదిలిపోతున్నాయి. అంతే, అనసూయ ఆ ఏట్లో పడిపోయింది. గిన్నెలు తోముతుంటే కుళాయి నీళ్లలో దీపాలు, పప్పు కలుపుతుంటే పప్పులో దీపాలు. పవర్‌కట్ అయితే ఊరంతా విసుక్కునేది గాని, ఆమె మాత్రం కొవ్వొత్తి వెలిగించి పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయేది.

అమృత చవకగా దొరికాయని టికెట్లు కొనేసింది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు ఒక విమానం, అక్కడి నుంచి వియత్నాంకు ఇంకొకటి. అంతా బాగానే ఉంది గాని, బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టులు రెండట. ఒకదాంట్లో దిగాలి, సామాను తీసుకుని బయటికి రావాలి, ఊరంతా అడ్డంగా దాటి రెండోదాంట్లో ఎక్కాలి. ఈ ముక్క తెలిసిన రోజున రాధాకృష్ణకు అన్నం సహించలేదు. ఒక్క ఊరికి రెండు స్టేషన్లుంటే ఏమవుతుందో చంద్రపూర్ వాళ్లకు వేరే చెప్పాలా? ఫోర్ట్‌లో ఎక్కాల్సిన బండికి మెయిన్ స్టేషన్‌కు వచ్చి, ప్లాట్‌ఫారం మీద నెత్తి కొట్టుకున్న పెద్దమనుషులు ఈ ఊళ్లో ప్రతి వాడలోనూ ఉన్నారు.

"డ్రిల్ చేద్దాం. పాసైతే పోదాం. ఫెయిలైతే టికెట్లు రద్దు" అన్నాడాయన.

ఆ ఆఖరి మాట అనసూయకు కొత్త కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ మాట వింటూనే ఉంది. తిరుపతి ప్రయాణం బాయిలర్ మరమ్మతుకు రద్దయింది. ఊటీ వానల వార్తకు రద్దయింది. గోవా ఎందుకు రద్దయిందో ఇప్పుడు ఆయనకే గుర్తు లేదు. ప్రతిసారీ ముందే అందరికీ చెప్పుకుని, తర్వాత అందరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది. అందుకే ఈసారి డ్రిల్ అయ్యేదాకా ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. రాజురా అవతలి ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఆమె అన్న రాయమల్లుకు కూడా చెప్పలేదు. డ్రిల్ నెగ్గాలి, అంతే. ఏమైనా సరే నెగ్గి తీరాలని ఆమె మనసులో గట్టిగా అనుకుంది.

నియమాలు రాధాకృష్ణే పెట్టాడు. బ్యాంకాక్‌లో మన ఫోన్లు పనిచేస్తాయో లేదో, కాబట్టి ఫోన్లు రెండూ ఆపేసి సూట్‌కేసులో పెట్టాలి. ఇంటి తాళంచెవి, ఆయన పర్సు కూడా అందులోనే. అన్నిటికంటే పెద్ద నియమం నోటిది.

"ఆడ మన తెలుగు, మరాఠీ, హిందీ ఎవలకు సమజ్ కావు. మన ఇంగ్లీషు మనకే సమజ్ కాదు. అందుకని స్టేషన్‌ల దిగిన కాన్నుంచి నేను విజిల్ ఊది, డ్రిల్ సమాప్తం అనేదాక ఒక్క మాట మాట్లాడొద్దు. అన్ని సైగలే. నోరు తెరిస్తే ఫెయిల్."

"నువ్వు గూడనా?"

"నేను గూడ. రూల్ అంటే రూలే."

చంద్రపూర్ స్టేషన్ ముందు దిగగానే రాధాకృష్ణ ఇమిగ్రేషన్ ఆఫీసరు అయిపోయాడు. ద్వారం పక్కన ఒక సూట్‌కేసును నిలబెట్టి, దాని వెనక నిలబడి, చెయ్యి చాపాడు. అనసూయ పాస్‌పోర్టు ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు, ఆమె మొహం చూశాడు, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు. ఇన్నేళ్లలో తన మొహాన్ని ఆయన అంత శ్రద్ధగా చూడటం అనసూయకు గుర్తులేదు. కొంచెం సిగ్గేసింది కూడా.

ఆమె సిగ్గుపడుతుండగానే వెనక ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. జాకెట్ వేసుకున్న మనిషి, ముందు ఒక ఆడమనిషి, ఆయన చేతిలో ఏదో చిన్న పుస్తకం. ఇదేదో కొత్త చెకింగ్ అనుకున్నాడు. ఆయన వెనక ఒక కుటుంబం, వాళ్ల వెనక కాలేజీ పిల్లలు చేరారు. మన దేశంలో లైను కనబడితే ఎందుకని అడిగేవాళ్లు తక్కువ, వెనకబడిపోతామని భయపడేవాళ్లు ఎక్కువ. పెద్దాయన తన టికెట్టూ ఆధార్ కార్డూ కలిపి అందించాడు. మాట్లాడకూడదు గనుక రాధాకృష్ణ ఆ కార్డును కాసేపు చూసి, వేరే దారిలేక తలూపి తిరిగిచ్చేశాడు. దాంతో లైనుకు మరీ నమ్మకం కలిగింది. అది చూస్తుండగానే ఆటో స్టాండ్ దాకా పెరిగింది.

అసలు టికెట్ కలెక్టర్ బయటికి వచ్చి చూసేసరికి తన పని ఎవరో బయటే చేసేస్తున్నారు. "ఎవరు నువ్వు? ఎవరు పెట్టిండ్రు నిన్నిక్కడ?" అని ఆయన మరాఠీలో, హిందీలో అడిగాడు. ఒక్క ముక్క చెబితే తేలిపోయేది. కాని నడి డ్రిల్లులో రూలు తప్పిన చరిత్ర రాధాకృష్ణకు లేదు. ఆయన రెండు చేతులూ రెక్కల్లా చాపి, ఒళ్లు ఒక పక్కకు వంచి, ఆ ఆవరణలో గుండ్రంగా తిరిగి, మెల్లగా దిగినట్టు ఆగి చూపించాడు. తర్వాత దూరంగా ఇంకో దిక్కు చూపించి మళ్లీ ఎగిరాడు. టికెట్ కలెక్టర్ కానిస్టేబుల్‌ను పిలిచాడు. కానిస్టేబుల్ మంచివాడు. కసురుకోలేదు. "చలా కాకా, ముందు కొంచెం నీళ్లు తాగుదురు రండి" అని భుజం మీద చెయ్యివేసి లోపలికి తీసుకుపోయాడు. తలుపు మూసుకునే ముందు కూడా రాధాకృష్ణ భార్య వైపు తిరిగి రెక్కలు ఆడించాడు. రక్షించమని ఆయన ఉద్దేశం.

అనసూయ కంగారు పడలేదు. మెట్ల కింద టమాటా సాస్ ఫిట్టర్ ఆమెకు గుర్తొచ్చాడు. ముందు చెబితే నాటకమైపోతుంది గదా! ప్రయాణంలో భర్త తప్పిపోతే భార్య ఏం చేస్తుందో చూడటానికి ఈయన కానిస్టేబుల్‌ను కూడా మాట్లాడి పెట్టుకున్నాడన్నమాట. ఎంత బాగా చేస్తున్నారు ఇద్దరూ! పైగా వెళ్లిపో, ఎగిరిపో అని సైగ కూడా చేశాడు. ఆమె ఆ మూసుకున్న తలుపును మెచ్చుకోలుగా చూసి, రెండు సూట్‌కేసులనూ చెరో చేత్తో లాక్కుంటూ బ్యాంకాక్‌లోకి నడిచింది.

ఎండ మొహం మీద కొట్టింది. బ్యాంకాక్‌లో కూడా ఎండలు మండుతాయని అమృత చెప్పింది. ఆ ఒక్క విషయంలో చంద్రపూర్ వాళ్లకు డ్రిల్ అక్కర్లేదు. ఒక ఆటో వచ్చి ఆగింది. దాన్ని నడిపే ధనరాజ్ జరిగిందంతా స్టాండులోంచి చూశాడు.

"ఎటు పోవాలె తాయి?" అన్నాడు, అక్కా అని మరాఠీ మర్యాదతో పిలుస్తూ.

అనసూయ పిడికిళ్లు బిగించి రైలు చక్రాల్లా తిప్పింది.

"స్టేషన్ ఇదే గదా తాయి!"

ఆమె కాదని తలూపి, చెయ్యి ఎత్తి ఊరికి ఆ కొసను చూపించింది. ఇది కాదు అంటే ఏదో ఈ ఊళ్లో ఆటో నడిపేవాడికి వేరే చెప్పనక్కర్లేదు. "ఫోర్ట్‌కా? ఎక్కుండ్రి" అన్నాడు. సూట్‌కేసులు పెడుతూ, పాపం, మూగ మనిషి అనుకున్నాడు. ఆమె భర్తను పోలీసులు తీసుకుపోవడం కూడా చూశాడు గనుక, ఒకటీ ఒకటీ కలుపుకుని, కళ్లు తుడుచుకుని బండి తీశాడు.

వెనక సీట్లో అనసూయ ఊరికే కూర్చుంది. ఆమె ఎప్పుడూ ఒంటరిగా ఆటో ఎక్కి ఇంత దూరం రాలేదు. మాట్లాడకూడదు అనుకున్నప్పటి నుంచి కళ్లకు ఎక్కువగా కనిపిస్తున్నట్టుంది. రోజూ చూసే రోడ్డే, కాని ఇవాళ బోర్డుల మీది అక్షరాలు తనకు రాని భాషలో ఉన్నాయని అనుకుంటే నిజంగానే రానట్టు అనిపించాయి. బంతిపూలు అమ్మే ఆమె, చెరుకు రసం బండి మీద గంటల చప్పుడు, గోడ నీడలో నిద్రపోతున్న మేకలు, అన్నీ ఎవరో దూరదేశపు వాళ్లవి. బొగ్గు పొడి కలిసిన గాలి కూడా ఏదో పరాయి వంటింటి పొగలా తోచింది. ఆమెకు హాయిగా ఉంది. ఇంత హాయి తన ఊళ్లోనే ఉందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

జట్‌పురా గేటు దగ్గర బండ్లన్నీ ఎప్పటిలాగే ఒకదాన్నొకటి కరుచుకుని ఆగిపోయాయి. అక్కడ కూరగాయలు బేరం చేస్తున్న పక్కింటి వెంకటమ్మ తల తిప్పింది.

"అనసూయక్కా! గీ సామాను పట్టుకొని ఎటు? అన్న ఏడి?"

అనసూయ పెదవుల మీద వేలు పెట్టుకుంది. మర్యాద కోసం రెండు చేతులూ జోడించింది. దీపాల ఏరు ఇంకా కళ్లలోనే ఉండటం వల్ల అవి తడిగా మెరిశాయి. వెంకటమ్మ చేతిలోని బెండకాయలు జారిపోయాయి.

"ఏమైందక్కా? మాట్లాడవేంది?"

"ఏమడుగుతరు తాయి, ఆమె పెనిమిటిని స్టేషన్‌ల పోలీసోళ్లు పట్కపోయిండ్రు" అన్నాడు ధనరాజ్ గొంతు తగ్గించి. "ఫోర్ట్ స్టేషన్‌ల దింపుమన్నది. పుట్టింటికి కావచ్చు."

గేటులో దారి దొరికి ఆటో కదిలిపోయింది. వెంకటమ్మ రోడ్డు మీదే నిలబడి ఆలోచించింది. అనసూయ పుట్టిల్లు రాజురా వైపు. అక్కడికి పోవాలంటే బస్టాండుకు పోవాలి గాని ఫోర్ట్ స్టేషన్‌కు ఎందుకు? అంటే పుట్టింటికి కూడా కాదు, దేశాలు పట్టుకుని పోతోంది! ఎండాకాలం రాయమల్లు మామిడికాయలు పంపేటప్పుడు తీసుకున్న నంబరు ఆమె దగ్గర ఉండనే ఉంది.

"రాయమల్లన్నా, మీ బావను పోలీసోళ్లు పట్కపోయిండ్రు. మీ చెల్లె అందరికి దండం వెట్టి ఇల్లిడిసి ఫోర్ట్ స్టేషన్‌కు పోతుంది. నోట మాట పడిపోయింది" అని చెప్పింది. అందులో ఆమె కల్పించిందేమీ లేదు, అన్నీ కళ్లతో చూసినవో చెవులతో విన్నవో మాత్రమే. ఆ తర్వాత బాబుపేట్‌లో కూడా నాలుగిళ్లకు ఫోన్ చేసింది.

ఇదేమీ తెలియని అనసూయ చాందా ఫోర్ట్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద చెట్టు నీడన బెంచీ మీద కూర్చుంది. ఆ స్టేషన్‌లో సందడి తక్కువ. బండి వచ్చినప్పుడు వస్తుంది, లేనప్పుడు పట్టాలు ఊరికే మెరుస్తుంటాయి. ఆమె చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. దాటేసింది! రెండు సూట్‌కేసులతో, ఒక్క మాట లేకుండా, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ఊరు దాటేసింది. సంతోషంతో ఏడుపొచ్చింది. ఎండలో పట్టాల మీద లేచే సెగ నీళ్లలా కదులుతుంటే దాని మీద ఆమె మెల్లగా ఒక దీపం వదిలింది, తర్వాత ఇంకొకటి. ఎంతసేపు అలా వదిలిందో తెలియదు.

రాయమల్లు జీపు వచ్చి ఆగిన చప్పుడుకు దీపాలు ఆరిపోయాయి. ఆయన వెంట పొలంలో పనిచేస్తున్న మనుషులు పని బట్టల్లోనే వచ్చారు. వెనక ఆటోల్లో వెంకటమ్మ, బాబుపేట్ జనం.

"చెల్లే! ఏం జేసిండు వాడు? కొట్టిండా? చెప్పు!"

అనసూయ నవ్వి, ఏమీ లేదని చేతులూపింది. విజిల్ ఇంకా ఊదలేదు గదా. ఇంత మందిని కూడా దింపి పరీక్ష పెడుతున్నాడంటే ఈ ఆఖరి మెట్టు మీదే అసలు గండం ఉందని ఆమె అనుకుంది. అన్నను కూడా రప్పించాడే, అమ్మో! ఆమె పెదవులు మరింత గట్టిగా బిగించింది. చెల్లెలు బాధ దిగమింగుకుని నవ్వుతోందని రాయమల్లు అంత పెద్ద మనిషీ భోరుమన్నాడు. ఆయన ఏడుస్తుంటే జీపులో వచ్చినవాళ్లు కూడా ఏడ్చారు.

ఆ సమయానికి రాధాకృష్ణ ఏమయ్యాడంటే, నీళ్లు తాగిన మరుక్షణమే రూలు తప్పాడు. కానిస్టేబుల్‌కు తెలుగు, మరాఠీ, హిందీ మూడూ కలిపి అంతా చెప్పేశాడు. నమ్మడానికి కొంచెంసేపు, నవ్వడానికి చాలాసేపు పట్టిందట. ఇకనుంచి స్టేషన్ ముందు ఆఫీసరు వేషాలు వేయొద్దని చెప్పి, జాకెట్టూ విజిలూ తీసుకుని వదిలేశారు. బయటికి వస్తే భార్య లేదు. ఫోన్ సూట్‌కేసులో, పర్సు సూట్‌కేసులో. నడుచుకుంటూ బాబుపేట్ పోతే ఇంటికి తాళం, తాళంచెవీ సూట్‌కేసులోనే. అడుగుదామంటే వాడలో ఒక్కరూ లేరు. చివరికి పద్మాపూర్ గనికి తిరిగి పోతున్న ఖాళీ బొగ్గు లారీవాడు జాలిపడి, వెనక ఎక్కించుకుని ఫోర్ట్ రోడ్డు మలుపులో దింపాడు. అందువల్ల ఎండ వాలే వేళకు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన మనిషిలో తెల్లగా ఉన్నవి కళ్లు మాత్రమే.

"అనసూయా!" అని ఆయన కేకపెట్టాడు. ఆ కేక ఆమెను చేరేలోగా రాయమల్లు చెయ్యి ఆయన కాలర్‌ను చేరింది.

"మా చెల్లెకు మాట పడిపోయేటట్టు ఏం జేసినవ్ బావా?"

"నేనేం జెయ్యలే! అనసూయా, చెప్పు, నువ్వన్న చెప్పు మీ అన్నకు!"

అనసూయ ఆయన మెడ వైపు వేలు చూపించింది.

"విజిల్ పోలీసోళ్లు గుంజుకున్నరే! నిజంగనే పట్కపోయిండ్రు! డ్రిల్ లేదు గిల్ లేదు, అంత రద్దు!"

ఆ మాటతో అనసూయ మొహంలోని వెలుగంతా పోయింది. ఊరు దాటిన ఆనందం, బెంచీ మీద కూర్చున్న ఆ కాసేపు, పట్టాల మీద వదిలిన దీపాలు, అన్నిటి మీదా ఆ పాత మాటే వచ్చి పడింది. ఆమె కళ్లలోంచి నీళ్లు బొటబొట రాలాయి. అది రాయమల్లు చూశాడు. కాలర్ బిగిసింది.

"రద్దు కాదు! రద్దు కాదు! అయిపోయింది! డ్రిల్ సమాప్తం!"

అనసూయ నోరు తెరవబోయి ఆగింది. ఇన్నేళ్ల కాపురంలో తన మాటకు ఇంత బలం ఉందని ఆమెకు తెలియదు. మాట్లాడకపోతే ఇంకా ఎక్కువ బలం ఉందని ఇప్పుడే తెలుస్తోంది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫలితం ఏమిటన్నట్టు కనుబొమలెత్తింది.

"పాస్! నువ్వు పాసైనవ్. నేనే ఫెయిలైన."

ఆమె కదల్లేదు. ఊటీకి కూడా ఆయన మొదట పోదామనే అన్నాడు.

"పోతున్నం! నీ మీదొట్టు అనసూయా, పోతున్నం! ఆడ రెండు కాదు, నాలుగు ఎయిర్‌పోర్టులున్నా పోతున్నం. అందరు విన్నరు గదా? వెంకటమ్మా, నువ్వు విన్నవ్ గదా?"

వెంకటమ్మ విన్నానంది. ఆమె విన్నదంటే ఊరంతా విన్నట్టే.

"అన్నా, కాలర్ ఇడువు" అంది అనసూయ. పొద్దుటి నుంచి మూసుకుని ఉన్న గొంతు కొంచెం బొంగురుపోయింది. "మా ఆయన నన్ను వియత్నాం తీస్కపోతుండు."

అసలు సంగతి అంతా చెప్పేసరికి మొదట జీపులో వచ్చినవాళ్లు నవ్వారు, తర్వాత బాబుపేట్ నవ్వింది, ఆఖరికి కళ్లు తుడుచుకుంటూనే రాయమల్లు నవ్వాడు. ఆ గోలలో రాధాకృష్ణ వచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంటికి పోతే నువ్వు లేవు. ఎక్కడా లేవు. నాకు మస్తు భయమైంది అనసూయా" అన్నాడు నెమ్మదిగా. "ఎప్పటికి గంతే. ఎక్కడికన్న పోవాలంటే ముందుగాల నాకు భయమైతది. అందుకే అన్ని రద్దు చేస్త."

ఈ మాట ఆయన ముందే చెప్పి ఉంటే ఎన్ని ఊళ్లు చూసి ఉండేవాళ్లమో అనుకుని అనసూయకు కోపం వచ్చింది. బొగ్గు కొట్టుకుపోయిన ఆ మొహం చూస్తే కోపం నిలవలేదు. కొంగు తడిపి ఆయన బుగ్గ తుడుస్తూ, "నాకైతే కాలేదయ్యా. ఒక్కదాన్నే వచ్చిన, జరంత గూడ భయం కాలె" అంది. అలా అంటున్నప్పుడు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

సూట్‌కేసు తెరిచి ఫోన్ ఆన్ చేయగానే అమృత నుంచి కాల్ వచ్చింది. ఆ పిల్ల పొద్దుటి నుంచి చేస్తూనే ఉందట.

"మామా, ఖుష్ ఖబర్! గా రెండో విమానం మార్చిండ్రు. అది గూడ మీరు దిగే ఎయిర్‌పోర్టు నుంచే పోతదట. మీరిగ ఊర్లకు రావుడు లేదు, దాటుడు లేదు. ఒక గేటు కాడ దిగి ఇంకో గేటు కాడ ఎక్కుడే!"

ప్లాట్‌ఫారం మీద అందరూ చప్పట్లు కొట్టారు. రాధాకృష్ణ మాత్రం లేచి నిలబడి, బొగ్గు మీసం దువ్వుకుని, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు పోవడం వేరే రకం పనిగనుక వచ్చే ఆదివారం దానికి ఇంకో డ్రిల్ పెట్టుకుంటే మంచిదన్నాడు.

విజిల్ లేకపోయినా డ్రిల్ సమాప్తమైంది గనుక, అనసూయ దీనికి సైగతో కాకుండా నోటితోనే జవాబు చెప్పింది: "గా డ్రిల్ రద్దు."